ఆరుగురు మనుషులు, ఒకే జత కళ్లు: డంజన్ క్రాలర్ ఆటలను ఏ లెక్కన విడదీయాలి?

కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో సేల్ పెట్టిన ప్రతిసారీ ఒక పంచాయితీ లేస్తుంది. ‘డంజన్ క్రాలర్’ అన్న ట్యాగ్ నొక్కితే వరసగా వచ్చే ఆటలకు ఒకదానితో ఒకటి పొంతన ఉండదు. ఒకటి డయాబ్లో తరహాలో పైనుంచి కనిపిస్తుంది. ఇంకొకటి డార్కెస్ట్ డంజన్, అందులో నలుగురు వీరులు పక్కకు తిరిగి వరసలో నడుస్తారు. దాని కిందే లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్. అందులో నలుగురి మొహాలు తెర మూలన చిన్న బొమ్మలుగా ఉంటాయి, ఎదురుగా మాత్రం గోడే కనిపిస్తుంది. మూడింటికీ ఒకే ట్యాగ్. 2024 మేలో, ఈ తరహా ఆటలకు మూలమైన విజర్డ్రీ మొదటి ఆట కొత్త బొమ్మలతో మళ్లీ రావడం, అదే ఏడాది అక్టోబరులో విజర్డ్రీ వేరియంట్స్ డాఫ్నే ఫోన్లలోకి దిగడంతో ఈ తికమక పాతకాపుల దగ్గరే ఆగలేదు, మొన్నటిదాకా పబ్జీ తప్ప వేరేది ముట్టని పిల్లలకూ పాకింది.

హనుమకొండ నయీంనగర్ హాస్టళ్లలో ఈ ముచ్చట అటూ ఇటుగా ఇట్లా నడుస్తుంది:

“అన్నా, డంజన్ క్రాలర్ అని రాసుంటే కొన్న. తీరా ఆన్ జేస్తే పైకెళ్లి చూస్తున్నట్టున్నది. మొన్న నువ్వు చూపెట్టింది గిది కాదు గద?”

“గిది గూడ డంజన్ క్రాలరే తమ్మీ. నేను చూపెట్టింది వేరే రకం.”

“మరి ఆ రకం పేరేంది?”

అన్న దగ్గర జవాబు ఉంటుంది కానీ ఒక్క మాటలో ఉండదు. ట్యాగులో తప్పు లేదు, తమ్ముడి అసంతృప్తిలోనూ తప్పు లేదు. ఒకే పేరు కింద రెండు మూడు వేర్వేరు లక్షణాలు కలిసిపోవడమే చిక్కు.

ఒకే పేరులో కలిసిపోయిన మూడు ప్రశ్నలు

‘ఫస్ట్ పర్సన్, పార్టీ బేస్డ్ డంజన్ క్రాలర్’ అన్న పొడుగాటి పేరులో మూడు సంగతులున్నాయి. మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

డంజన్ క్రాలర్ అన్నది ఆటలో ఏం చేస్తామో చెబుతుంది. నేలమాళిగలోకో, గుహలోకో, పాడుబడ్డ కోటలోకో దిగడం, రాక్షసులతో కొట్లాడటం, దొరికింది సర్దుకోవడం, ఇంకా లోతుకు పోవడం. ఇది 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీది ఆట నుంచి వచ్చింది. ఫస్ట్ పర్సన్ అన్నది కెమెరా ఎక్కడుందో చెబుతుంది: పాత్ర కళ్లలోంచి చూస్తున్నామా, బయటి నుంచి పాత్రను చూస్తున్నామా అని. పార్టీ బేస్డ్ అన్నది మన చేతిలో ఎంతమంది ఉన్నారో చెబుతుంది.

ఒక్కో ప్రశ్నతో జల్లెడ పడితే వేర్వేరు ఆటలు మిగులుతాయి. డయాబ్లోలో నేలమాళిగ ఉంది, కానీ చూపు పైనుంచి, వీరుడు ఒక్కడే. 1998 నాటి బాల్డర్స్ గేట్‌లో జట్టు ఉంది, చూపు మళ్లీ పైనుంచే. 1992లో వచ్చిన అల్టిమా అండర్‌వరల్డ్‌లో నేలమాళిగ, ఫస్ట్ పర్సన్ చూపు రెండూ అద్భుతంగా ఉన్నాయి, జట్టు లేదు. డూమ్‌లో చిక్కుదారులు, ఫస్ట్ పర్సన్ చూపు ఉన్నా అది షూటర్, అందులో పాత్ర ఎదగదు. మూడు ప్రశ్నలకూ అవునని చెప్పే ఆటలనే ఇంగ్లిష్ ఆటగాళ్లు ‘బ్లాబర్’ అంటారు, జట్టంతా ఒక్క ముద్దగా కదులుతుంది కనుక. జపాన్‌లో డంజన్ ఆర్‌పీజీ (ఆర్‌పీజీ అంటే రోల్ ప్లేయింగ్ గేమ్, పాత్రలను పెంచుకుంటూ పోయే ఆట), పొట్టిగా డీఆర్‌పీజీ అన్న పేరు ఎక్కువ వినిపిస్తుంది.

ఇక్కడితో అయిపోతే ఈ వ్యాసం అక్కర్లేదు. మూడు లక్షణాలూ ఉన్న ఆటల్లోనే అసలు తగాదా మొదలవుతుంది.

జట్టు మొత్తానికీ ఒకటే చోటు: ఒక పెట్టె తెరిచి చూద్దాం

1981లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చిన విజర్డ్రీ మొదటి ఆటను ఈ జాతికి మూలపురుషుడిగా లెక్కేస్తారు. రాసింది ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ అనే ఇద్దరు కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థులు, అమ్మింది సర్‌టెక్ కంపెనీ. నిజానికి వీళ్లకంటే ముందే అమెరికా యూనివర్సిటీల్లోని ప్లేటో అనే కంప్యూటర్ నెట్‌వర్క్‌పై 1977లోనే ఊబ్లియెట్ లాంటి ఆటలున్నాయి. అక్కడ జట్టు అంటే వేర్వేరు టెర్మినళ్ల ముందు కూర్చున్న వేర్వేరు మనుషులు. విజర్డ్రీ ఆ జట్టు మొత్తాన్నీ ఒక్క ఆటగాడి చేతిలో పెట్టింది. ఆరుగురు మనుషులు, ఒక్క కీబోర్డు. అప్పుడు ఆరుగురినీ విడివిడిగా నడిపించడం ఎలా? నడిపించకపోవడమే దానికి దొరికిన జవాబు. ఆరుగురూ ఒకే గడిలో ఉంటారు, ఒకేసారి అడుగేస్తారు, ఒకేసారి తిరుగుతారు.

ఇది ఆటలో ఎలా పని చేస్తుందో చూడటానికి మనమే ఒక జట్టు కడదాం. ముందు వరసలో ముగ్గురు ఫైటర్లు: రుద్రమ, గన్నారెడ్డి, ప్రోలుడు. వెనక వరసలో ప్రీస్ట్ మల్లన్న, థీఫ్ రాజన్న, మేజ్ (మంత్రగత్తె) లచ్చవ్వ. తలుపు తన్ని లోపలికి పోగానే ఎదురుగా రెండు గుంపులు: నలుగురు దొంగలు, ఇద్దరు మంత్రగాళ్లు.

కత్తితో కొట్టగలిగేది ముందున్న ముగ్గురే. ఎదుటివాళ్ల కత్తులు తగిలేదీ ఆ ముగ్గురికే. లచ్చవ్వ ‘కటీనో’ అనే నిద్రమంత్రం వేస్తే అది ఒక గుంపు మీద పడుతుంది, అంతేగానీ ‘గదిలో ఈ మూల’ మీద పడదు. గదిలో మూలలే లేవు. రుద్రమ గన్నారెడ్డికి ఎన్ని అడుగుల దూరంలో ఉందన్న ప్రశ్నకు ఆటలో అర్థమే లేదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరస మాత్రమే ఉంది.

కొట్లాట అయ్యాక ఒక పెట్టె దొరుకుతుంది. దానికి ఉచ్చు ఉంటుంది. రాజన్న దాన్ని పరీక్షించి విప్పబోతాడు. విషపు సూది ఉచ్చయితే గుచ్చుకునేది రాజన్న ఒక్కడికే. టెలిపోర్టర్ ఉచ్చయితే ఆరుగురూ ఒక్కసారిగా అదే అంతస్తులో ఎక్కడో తేలతారు. ఒక్క రాజన్నే మాయమై మిగతా ఐదుగురూ ఇక్కడే మిగలడం అన్నది ఆ ఆటలో జరగదు. దెబ్బ తగలడానికి, విషం ఎక్కడానికి, చావడానికి ఆరు ఒళ్లున్నాయి. నిలబడటానికి మాత్రం ఒకటే చోటు.

నా లెక్కలో ఈ జాతి ఆటలకు కీలకం ఇదే. పటం మీద జట్టుకు ఉండేది ఒకే చుక్క. మనుషుల మధ్య తేడా పటంలో కనిపించదు, వరసలోనూ వాళ్ల బలాల్లోనూ కనిపిస్తుంది. లచ్చవ్వ చచ్చిపోతే పటంలో ఏమీ మారదు, కానీ నిద్రమంత్రం పోతుంది, మనం ఎక్కడున్నామో చెప్పే ‘డుమాపిక్’ మంత్రమూ పోతుంది. రెండు అంతస్తుల కింద ఉండగా ఇది జరిగితే టెన్షన్ అంటే ఏమిటో తెలుస్తుంది. జట్టు మొత్తం పోతే శవాలు అక్కడే పడి ఉంటాయి. ఊళ్లో ఇంకో జట్టును కట్టి, వాళ్లను అదే చోటికి దింపి, శవాలను మోసుకురావాలి.

ఒకే చుక్క అన్న లక్షణం ఒక్కటే చాలదని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1987 నాటి మొదటి ఫైనల్ ఫాంటసీలో నలుగురు వీరులున్నా ఊళ్లోనూ గుహలోనూ ఒక్క బొమ్మే నడుస్తుంది, అదీ ఒకే చుక్కే. కానీ అక్కడ చూపు పైనుంచి. గుహ మలుపు వెనక ఏముందో ముందే కనబడుతుంది. కెమెరాను ఆ చుక్క లోపల పెడితే ఉత్తరం ఏ పక్కో మరిచిపోవచ్చు, వచ్చిన దారిలోనే మళ్లీ తిరగొచ్చు, తప్పిపోవచ్చు. ఆ తప్పిపోవడం మీదే ఈ ఆటలు సగం బతుకుతాయి.

గళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి

విజర్డ్రీలో నేలమాళిగ పది అంతస్తులు. ఒక్కో అంతస్తు 20×20 గళ్లు, అంటే 400. ప్రతి గడికీ నాలుగు పక్కల ఏముందో రాసుకుంటే చాలు: గోడ, తలుపు, లేదా ఖాళీ. తెర మీద గీయడానికి కూడా నాలుగు దిక్కులే, కొన్ని దూరాలే. అప్పటి ఆపిల్ 2 మెమరీకి అంతకు మించి పెట్టడం కుదరదు. గోడలు గీతలుగా మాత్రమే కనిపించేవి.

భూపాలపల్లి, గోదావరిఖని వాళ్లకు ఈ రూపం వేరే చెప్పనక్కర్లేదు. సింగరేణి బాయిలలో బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో బొగ్గు తవ్విన చోట దారులు ఒకదానికొకటి అడ్డంగా నిలువుగా కోసుకుంటూ పోతాయి, పైకప్పు కూలకుండా మధ్యలో చదరాలుగా బొగ్గు స్తంభాలు వదిలేస్తారు. లోపల ఎవరెక్కడున్నారో ఫలానా లెవెల్, ఫలానా డిప్ అని రెండు అంకెల్లో చెప్పేస్తారు. క్యాప్ ల్యాంప్ వెలుగు పడినంత మేరే కనబడుతుంది, ఏ మలుపు చూసినా వెనకటి మలుపులాగే ఉంటుంది. విజర్డ్రీలో డుమాపిక్ మంత్రం చెప్పేదీ సరిగ్గా అదే: మెట్ల నుంచి తూర్పుకు ఎన్ని గళ్లు, ఉత్తరానికి ఎన్ని, ఎంత లోతు, ఏ దిక్కుకు తిరిగి ఉన్నారు.

గళ్లు మెమరీ కరువు వల్లే పుట్టినా, ఆ తర్వాత ఆటే వాటి చుట్టూ అల్లుకుంది. ఆటగాళ్లు గ్రాఫ్ పేపర్ పెట్టుకుని ఒక్కో గడీ గీసుకునేవారు. డిజైనర్లు ఆ గీసేవాళ్లను ఏడిపించడానికే కొత్త ఎత్తులు వేశారు. స్పిన్నర్ గడిలో కాలు పెడితే చెప్పకుండా దిక్కు మార్చేస్తుంది. చీకటి గళ్లలో వెలుతురు మంత్రం పని చేయదు. టెలిపోర్టర్ గడి అచ్చం అలాంటి గోడలే ఉన్న ఇంకో చోటికి చప్పుడు లేకుండా పంపేస్తుంది. నాలుగు గళ్లు తప్పుగా గీశాక గానీ మోసం తెలియదు. 1985లో వచ్చిన ది బార్డ్స్ టేల్, 1986లో జాన్ వాన్ కానెగెమ్ మొదలుపెట్టిన మైట్ అండ్ మ్యాజిక్ ఈ దారినే వెళ్లాయి. 2007లో అట్లస్ కంపెనీ ఎట్రియన్ ఒడిస్సీ తెచ్చినప్పుడు నింటెండో డీఎస్ అనే రెండు తెరల చేతి గేమ్ యంత్రం కింది తెరనే గ్రాఫ్ పేపర్‌గా మార్చి, పటం మీరే గీయండని స్టైలస్ చేతికిచ్చింది. మెమరీ కరువు ఎప్పుడో తీరింది, పటం గీసే సరదా మాత్రం తీరలేదు.

కాలం ఆగుతుందా, ఆగదా

1987లో అటారీ ఎస్‌టీ కంప్యూటర్‌పై ఎఫ్‌టీఎల్ కంపెనీ తెచ్చిన డంజన్ మాస్టర్ ఈ కుటుంబాన్ని రెండుగా చీల్చింది. గళ్లు అలాగే ఉన్నాయి, జట్టు ఒకే గడిలో ఉంది. కానీ వంతుల వారీ కొట్లాట పోయింది. విజర్డ్రీలో మీరు ఆలోచిస్తూ కూర్చుంటే రాక్షసుడూ కూర్చుంటాడు, టీ తాగి వచ్చినా అక్కడే ఉంటాడు. డంజన్ మాస్టర్‌లో టీకి లేస్తే, ఆటను ఆపి లేవకపోతే, తిరిగి వచ్చేసరికి జట్టు ఉండదు. కాగడా కాలిపోతూ ఉంటుంది, నలుగురికీ ఆకలి దప్పిక పెరుగుతూ ఉంటాయి. స్క్రీమర్ అనే పుట్టగొడుగు రాక్షసిని చంపి దాని ముక్కలే తినాల్సి వస్తుంది.

దీంతో నైపుణ్యమే మారిపోయింది. రాక్షసుడు ఎదురు గడిలోకి రాగానే ఒక దెబ్బ వేసి పక్క గడిలోకి జరుగుతారు. వాడి దెబ్బ ఖాళీ గడి మీద పడుతుంది. తిరిగి ఇంకో దెబ్బ. నాలుగు గళ్ల ఖాళీ దొరికితే ఎంత పెద్ద రాక్షసుణ్నయినా ఇలా గుండ్రంగా తిప్పి చంపొచ్చు. లేదంటే వాడు గుమ్మంలో ఉండగా పైనుంచి తలుపు దించి కొట్టొచ్చు. జట్టులో ఎవరెక్కడ అన్నదానికి కూడా కొంచెం బరువు వచ్చింది: ఒకే గడిలో నాలుగు మూలల్లో నలుగురు నిలబడతారు, వెనక నుంచి దాడి జరిగితే వెనకున్నవాళ్లకే తగులుతుంది.

1991 నాటి ఐ ఆఫ్ ది బిహోల్డర్, 1993 నాటి ల్యాండ్స్ ఆఫ్ లోర్, 2012లో ఫిన్లాండ్ కుర్రాళ్లు తెచ్చిన లెజెండ్ ఆఫ్ గ్రిమ్‌రాక్ ఈ శాఖవే. అందుకే ‘విజర్డ్రీ తరహా’, ‘డంజన్ మాస్టర్ తరహా’ అని రెండు పేర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. గ్రిమ్‌రాక్ నచ్చి ఎట్రియన్ ఒడిస్సీ కొన్నవాళ్లు వేళ్లకు పని లేదేంటని విసుక్కుంటారు. ఎట్రియన్ అలవాటై గ్రిమ్‌రాక్‌కు వచ్చినవాళ్లు ఊపిరాడనివ్వదేంటని తిట్టుకుంటారు. రెండు ఆటలకూ ట్యాగులు దాదాపు ఒక్కటే.

మధ్యస్థం కూడా ఉంది. ఎట్రియన్‌లో కొందరు పెద్ద శత్రువులు పటం మీద కనిపిస్తూనే ఉంటారు. మీరు ఒక అడుగేస్తే వాళ్లూ ఒక అడుగేస్తారు, మీరు ఆగితే వాళ్లూ ఆగుతారు.

గళ్లు తీసేస్తే ఏం మిగులుతుంది

1998లో మైట్ అండ్ మ్యాజిక్ ఆరో భాగం వచ్చింది. గళ్లు పోయాయి. పొలాల్లో, ఊళ్లలో, గుహల్లో డూమ్ ఆడినట్టు ఎటు కావాలంటే అటు నడవొచ్చు, దూకొచ్చు, మంత్రం దొరికాక ఎగరొచ్చు. నలుగురి జట్టు మాత్రం ఇంకా ఒకే కెమెరాలో ఉంది. నలుగురూ ఒకేసారి దూకుతారు, ఒకేసారి ఎగురుతారు. మామూలుగా కాలం ఆగకుండా నడుస్తుంది, ఎంటర్ నొక్కితే వంతుల వారీ కొట్లాటగా మారుతుంది. ఒకే ఆటలో రెండు శాఖలూ!

2001లో వచ్చిన విజర్డ్రీ 8 ఇంకో అడుగు వేసింది. స్వేచ్ఛగా నడవొచ్చు, కొట్లాట మాత్రం వంతుల వారీగానే. ముందు, వెనక, కుడి, ఎడమ, నడిమధ్య అంటూ జట్టును అమర్చుకోవచ్చు. శత్రువులు చుట్టుముడితే వెనక నిలబెట్టిన మంత్రగాడు గొల్లుమంటాడు. గోడను వీపుకు ఆనించి నిలబడితే ఆ బాధ తప్పుతుంది. ఇంత చేసినా రుద్రమను ఇక్కడుంచి గన్నారెడ్డిని ఆ రాయి చాటుకు పంపడం కుదరదు. పటం మీద ఇంకా ఒకటే చుక్క.

గళ్లే ఈ జాతి లక్షణం అనుకునేవాళ్లు ఈ రెంటినీ బయట పెట్టాలి. ఒకే చుక్క లక్షణం అనుకుంటే రెండూ లోపలికే వస్తాయి. 2014లో మైట్ అండ్ మ్యాజిక్ పదో భాగం మళ్లీ గళ్లలోకి, వంతుల్లోకి వెళ్లిపోయింది. ఆరో భాగం అభిమానుల్లో కొందరు దాన్ని వెనకడుగన్నారు, మొదటి ఐదు భాగాల అభిమానులు ఇంటికి తిరిగి రావడం అన్నారు.

‘డంజన్’ కూడా తప్పనిసరి కాదని మైట్ అండ్ మ్యాజిక్ మొదటి నుంచీ చూపిస్తూనే ఉంది. 1992, 1993ల్లో వచ్చిన నాలుగు, ఐదు భాగాలను కలిపి ఆడే వరల్డ్ ఆఫ్ జీన్‌లో అడవులు, ఎడారులు కూడా అదే గళ్లలో, అదే ఫస్ట్ పర్సన్ చూపులో ఉంటాయి. ఆకాశం కింద నడుస్తూ డంజన్ క్రాలర్ అనడం వినడానికి వింతగా ఉన్నా, ఆట తీరులో తేడా లేదు.

కొట్లాట రాగానే విడిపోయే జట్లు

1988లో ఎస్‌ఎస్‌ఐ కంపెనీ తెచ్చిన పూల్ ఆఫ్ రేడియన్స్ చూస్తే వర్గీకరణ చేసేవాడికి తల పట్టుకోవాలనిపిస్తుంది. ఫ్లాన్ అనే పాడుబడ్డ ఊళ్లో నడిచేటప్పుడు అంతా విజర్డ్రీ లాగే ఉంటుంది: ఫస్ట్ పర్సన్, గళ్లు, ఆరుగురికీ ఒకే చోటు. శత్రువు ఎదురవగానే తెర మారిపోతుంది. పైనుంచి చూసే మైదానం వస్తుంది, ఆరుగురూ విడివిడి బొమ్మలై ఎవరి గడిలో వాళ్లు నిలబడతారు.

తేడా తెలియాలంటే లచ్చవ్వ చేత ఫైర్‌బాల్ వేయిద్దాం. విజర్డ్రీలో అలాంటి మంత్రాన్ని ఒక గుంపు మీదకు గురిపెడతాం, మనవాళ్లకు ఏమీ కాదు. పూల్ ఆఫ్ రేడియన్స్‌లో అది మైదానం మీద ఒక చోట పేలుతుంది. ఆ పరిధిలో రుద్రమ ఉంటే రుద్రమా కాలుతుంది. ఇరుకు సందులో ఎవరు ఎక్కడ నిలబడాలన్నదే సగం ఆట. ఒకే చుక్క కాస్తా ఆరు చుక్కలైంది.

సెగా కంపెనీ 1987లో తెచ్చిన ఫాంటసీ స్టార్‌ది దీనికి తలకిందుల కథ. బయట పైనుంచి చూపు, గుహలోకి దిగగానే ఫస్ట్ పర్సన్. 1993 నాటి బెట్రేయల్ ఎట్ క్రోండార్‌లో ఫస్ట్ పర్సన్‌లో స్వేచ్ఛగా తిరుగుతాం, కొట్లాటకు బయటి చూపు, గళ్ల మైదానం. వీటిని సగం బ్లాబర్లు అనడం అందరికీ నచ్చదు గానీ అంతకన్నా నిజాయితీ గల మాట నాకు తోచలేదు. నడకలో అవును, కొట్లాటలో కాదు.

ఎవరి వాదన ఎంతవరకు నిలుస్తుంది

కఠినంగా గీత గీసేవాళ్లు గళ్లు తప్పనిసరి అంటారు. వాళ్ల మాటలో పస ఉంది. స్పిన్నర్, టెలిపోర్టర్, పటం గీయడం అన్నీ గళ్ల మీదే ఆధారపడ్డాయి. ఎటు కావాలంటే అటు చూడగలిగే ఆటలో తొంభై డిగ్రీలు చప్పుడు లేకుండా తిప్పడం అనే ఎత్తుకు అర్థం లేదు. మైట్ అండ్ మ్యాజిక్ ఆరో భాగంలో తప్పిపోవడం ఉంది కానీ, నాలుగు గోడలూ ఒకేలా ఉన్న చోట తప్పిపోవడం కాదది. ఇందులో కొందరు వంతుల కొట్లాట కూడా ఉండాల్సిందే అంటారు. ఆ మాటకు మద్దతు తక్కువ, ఎందుకంటే డంజన్ మాస్టర్‌ను బయటికి నెట్టాక ఈ జాతి చరిత్రలో సగం ఖాళీ అవుతుంది.

కెమెరా, జట్టు రెండూ ఉంటే చాలు అనేవాళ్లది రెండో పక్షం. వీళ్ల గీత సులువైనది, ఒక్క స్క్రీన్‌షాట్ చూసి తేల్చేయొచ్చు. కానీ స్క్రీన్‌షాట్ చెప్పనివి చాలా ఉంటాయని పూల్ ఆఫ్ రేడియన్స్ చూపించింది.

మూడో పక్షం రూపాన్ని వదిలేసి అనుభవాన్ని పట్టుకుంటుంది. కాగడా, తిండి, మంత్రాలు తరిగిపోతూ ఉండగా ‘ఇంకో గది చూద్దామా, వెనక్కి పోదామా’ అని తేల్చుకోవడమే డంజన్ క్రాలర్ అంటారు వీళ్లు. ఈ లెక్కన డార్కెస్ట్ డంజన్ పక్కనుంచి కనబడినా విజర్డ్రీకి రక్తబంధువు అవుతుంది, ఎగురుకుంటూ బాణాలు కురిపించే మైట్ అండ్ మ్యాజిక్ ఆరో భాగం దూరపు చుట్టమవుతుంది. నాకు ఈ వాదన మీద మనసు ఉంది, కానీ ఆచరణలో జారిపోతుంది. గ్రిమ్‌రాక్‌లో పటం దానంతటదే గీసుకోకుండా ఆపేసే మోడ్ ఉంది. అది పెట్టుకుంటే ఒక రకం అనుభవం, తీసేస్తే ఇంకో రకం. ఒక బటన్ నొక్కితే ఆట జాతి మారిపోతుందంటే ఆ గీత ఎక్కడో తేడాగా ఉన్నట్టు.

ట్యాగుల పక్షానికి సిద్ధాంతం లేదు, జనం ఉన్నారు. స్టీమ్‌లో 2014 నుంచి ఆడేవాళ్లే ట్యాగులు పెట్టొచ్చు. ‘డంజన్ క్రాలర్’ ఒక్కటే చూస్తే గందరగోళమే గానీ, అక్కడే ‘ఫస్ట్ పర్సన్’, ‘పార్టీ బేస్డ్ ఆర్‌పీజీ’, ‘గ్రిడ్ బేస్డ్ మూవ్‌మెంట్’, ‘టర్న్ బేస్డ్ కంబాట్’ అని వేర్వేరు ట్యాగులు కూడా ఉన్నాయి. ఎవరూ కూర్చుని ప్లాన్ చేయకపోయినా, ఒక్క పెద్ద పేరును చిన్న ప్రశ్నలుగా విడగొట్టే పని జనమే చేసి పెట్టారు.

ఇలాంటి తగాదా పక్కింట్లో ఇంతకుముందే జరిగింది. 1980 నాటి రోగ్ అనే ఆట పేరు మీద పుట్టిన ‘రోగ్‌లైక్’ జాతికి 2008లో బెర్లిన్‌లో డెవలపర్ల సమావేశం ఒక నిర్వచనం రాసింది. కొన్ని లక్షణాలు ఎక్కువ బరువైనవి, కొన్ని తక్కువ బరువైనవి అని జాబితా వేసి, కొన్ని లేకపోయినంత మాత్రాన ఆట బయటికి పోదని కూడా అందులోనే చెప్పింది. అయినా జనం దాన్ని పాస్ మార్కుల పట్టీలా వాడారు. ఐదారు పాత ఆటలను ముందే దేవుళ్లను చేసి, వాటికున్న లక్షణాలనే నియమాలుగా రాశారన్న విమర్శ వచ్చింది. బ్లాబర్ల విషయంలో గళ్లు తప్పనిసరి అనేవాళ్ల మీదా ఇదే విమర్శ పడుతుంది. విజర్డ్రీలో ఉన్నది కాబట్టి గళ్లు కావాలంటే, రేపు ఎవరైనా విజర్డ్రీలో ఉన్నది కాబట్టి గీతల గోడలే కావాలనొచ్చు.

అందుకే పెట్టెలు వేయడం కన్నా, ఒకే చుక్కను కాండంగా పెట్టుకుని మూడు కొమ్మలు చెప్పడం నాకు సరిగ్గా అనిపిస్తుంది: నడక గళ్లలోనా స్వేచ్ఛగానా, కాలం వంతులుగానా ఆగకుండానా, కొట్లాట అక్కడేనా వేరే మైదానంలోనా. అప్పుడు విజర్డ్రీ గళ్లు, వంతులు, అక్కడే. డంజన్ మాస్టర్ గళ్లు, ఆగని కాలం, అక్కడే. విజర్డ్రీ 8 స్వేచ్ఛ, వంతులు, అక్కడే. పూల్ ఆఫ్ రేడియన్స్ గళ్లు, వంతులు, వేరే మైదానం. నయీంనగర్ తమ్ముడికి చెప్పాల్సింది ఈ మూడు మాటలే. ఆట పేరు విన్నా వినకున్నా అది తనకు నచ్చేదో కాదో తెలిసిపోతుంది.

ఒక్కడే దిగితే అది ఇంకా జట్టు ఆటేనా

డంజన్ మాస్టర్ మొదట్లో ఒక హాలు వస్తుంది, గోడల మీద అద్దాల్లో 24 మంది వీరులుంటారు. నలుగురిని ఎంచుకోవచ్చు. ఒక్కరినే ఎంచుకుని దిగినా ఆట ఏమీ అనదు. మొండివాళ్లు అలా ఆడి ముగిస్తారు కూడా. విజర్డ్రీలోకీ ఒంటరిగా దిగొచ్చు, చావు ఖాయమనుకోండి. మరి అలా ఆడినంతసేపూ అవి జట్టు ఆటలు కావా? అవుతాయి. మనం చూడాల్సింది ఆట నియమాల్లో ఎంతమందికి చోటుందన్నది, ఒకడు ఆడిన తీరు కాదు. మిగతా మూడు మూలలూ ఖాళీగా ఉన్నా అవి అక్కడే ఉన్నాయి.

1993 నాటి డంజన్ హ్యాక్ విషయం వేరు. ఐ ఆఫ్ ది బిహోల్డర్ వాడిన పద్ధతిలోనే తయారైంది: అవే రకం గోడలు, అదే గళ్ల నడక, అదే ఆగని కాలం. స్క్రీన్‌షాట్లు పక్కపక్కన పెడితే పోల్చుకోవడం కష్టం. కానీ అందులో వీరుడు ఒక్కడే, రెండోవాడికి చోటు లేదు. ముందు వరస, వెనక వరస అన్న మాటే లేదు, ఒకరు పడితే ఇంకొకరు మోసుకురావడం లేదు. చాలా జాబితాల్లో అది ఇప్పటికీ బ్లాబర్ల మధ్యే కనిపిస్తుంది. నా జాబితాలో అది అల్టిమా అండర్‌వరల్డ్ పక్కన, ఒంటరి వీరుల గదిలో ఉంటుంది.